నలభైకి ముప్పై ఎనిమిది

మేడ్చల్
9 జూన్ 2025, సోమవారం

చిరంజీవి సరళకు,

కామేశ్వరమ్మ టీచరు ఆశీర్వదించి రాయడం. ఈ ఉత్తరం ఇవాళే రాయడానికి కారణాలు రెండు. ఏప్రిల్ నుంచి నీకు తొమ్మిదిసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తి, "బస్సుల ఉన్న టీచరమ్మా" అని పెట్టేశావు. మొన్న శుక్రవారం ఉదయం పదకొండింటికి ఇక్కడి బస్సు డిపో ఎదురుగా ఇంటర్నెట్ షాపు మెట్ల మీద మీ అత్త సాలమ్మ కూర్చుని కనిపించింది. పేరు పెట్టి పిలిచాను. నన్ను చూసి కూడా కొంగు ముఖం మీదికి లాక్కుని అటు తిరిగింది. శామీర్‌పేట హైస్కూల్లో ఇరవై రెండేళ్లు పనిచేశాను. మీ ఊరి వాళ్లలో నన్ను చూసి అటు తిరిగిన మనిషి ఆవిడే మొదటిది. ఏం జరిగింది?

ఇంకో సంగతి. మా మనవడు భానుతేజ నీకు గుర్తుండే ఉంటాడు. కిందటి నవంబరులో మీ చేపల సొసైటీ షెడ్డుకు వచ్చి, తన కంపెనీ చేస్తున్న 'గడపసేవ' యాప్‌ను మీ వాళ్ల చేతికిచ్చి చూసింది అతనే. పింఛన్లూ సర్టిఫికెట్లూ ఫోన్లోనే అయిపోవాలంటే, వాడబోయే జనం ముందుగా వాడి చూడాలనీ, ఊరి తరఫున ఒక పెద్ద మనిషి సాక్షిగా ఉండాలనీ ప్రభుత్వం వారి షరతు. ఆ సాక్షిని నేనే. నలభై మందిలో ముప్పై ఎనిమిది మంది ఎవరి సాయమూ లేకుండా పని పూర్తి చేశారని సంతకం పెట్టాను. మీ ఊరి ఫలితం చూసి అందరూ మెచ్చుకున్నారు.

ఇప్పుడు మేడ్చల్‌లో రెండో విడత. ఆగస్టు 23, శనివారం. ఇది కూడా బాగా జరిగితే మీ ఊళ్లో లాగే ఇక్కడి పింఛన్ల ఆఫీసు కిటికీని కూడా మూసేసి, అంతా ఫోన్లోనే నడుపుతారు. ఇక్కడి వాళ్లకు ముందుగా నేర్పడానికి మీ మహిళా సంఘం నుంచి చురుకైన ఆడవాళ్లు ఎనిమిది మంది కావాలి. పేర్లు రాసి పంపు.

ఆశీస్సులతో,
కామేశ్వరమ్మ


శామీర్‌పేట
18 జూన్ 2025

పూజ్యులైన టీచరమ్మ గారికి సరళ నమస్కరించి రాయునది.

మేము క్షేమము. మీ ఉత్తరము అందినది. మా వీధిలో సిగ్నల్ సరిగా లేనందున ఫోను ఎత్తలేకపోయినాను. మా అత్తకు కంటిచూపు తక్కువ కాబట్టి మిమ్మల్ని గుర్తుపట్టి ఉండదు. వానలు పడుతున్నవి, చెరువులో చేపపిల్లలను వదిలే పని ఉన్నది, కాబట్టి మా సంఘం వారికి తీరిక లేదు. ఎనిమిది మందిని పంపుట కష్టము. మీరు మా ఊరికి చేసిన మేలు మరువలేనిది. మా ఇంటాయన మల్లేష్ నమస్కారములు చెప్పమన్నాడు.

ఇట్లు
మీ శిష్యురాలు
సరళ


మేడ్చల్
21 జూన్ 2025

సరళా,

నీ ఉత్తరంలో మూడు సాకులున్నాయి. సిగ్నల్ లేదన్నావు, నేను ఫోన్ చేసినప్పుడు నువ్వు బస్సులో ఉన్నానన్నావు. మీ అత్త నన్ను చూసింది. చూడకపోతే కొంగు లాక్కోవలసిన అవసరం లేదు. చేపపిల్లలను వదిలేది మగవాళ్లు. మేలు మరువలేనిదని రాసిన మనిషి ఎనిమిది పేర్లు రాయలేకపోయింది.

ఎనిమిదో తరగతిలో లెక్క రాకపోతే పేజీ ఖాళీగా వదిలేసేదానివి, తప్పుడు జవాబు మాత్రం రాసేదానివి కాదు. నిజం రాయి. ఎంత పొడుగైనా సరే.

కామేశ్వరమ్మ


శామీర్‌పేట
2 జులై 2025

టీచరమ్మకు,

ఈసారి పుస్తకంల లెక్క రాస్తలేను. నోటికి ఎట్లొస్తే అట్ల రాస్తున్న.

మా అత్త పింఛను మార్చి నుంచి ఆగింది. ఏడాదికోసారి బతికున్నమని చూపియ్యాలె గద. మునుపైతే మా ఊర్ల కిటికీ కాడికి పోయి నిలబడితే సరిపోయేది. అక్కడి సారు "ఏం సాలవ్వా, ఇంకా ఉన్నవా" అంటే, "నీ పెండ్లి పప్పన్నం తిన్నంక పోత తియ్" అనేది మా అత్త. ఆయన నవ్వుకుంట రాసుకునేటోడు. ఫిబ్రవరిల ఆ కిటికీ బంద్ వెట్టిండ్రు. ఇగ ఫోన్లనే అన్నరు.

ఫోను ముఖం చూపియ్యమంటది. కండ్లు ఆర్పమంటది. అత్త ఎడమ కన్ను తెల్లబడ్డది మీకెరుకే, అది సగమే మూసుకుంటది. ఆర్పినప్పుడల్లా "మళ్లీ ప్రయత్నించండి" అని వస్తది. "ఏమే, ఇది నన్ను చూస్తాందా, ఎక్కిరిస్తాందా?" అంటది అత్త. మల్లేష్ రోజూ పొద్దున ఎండలకు తీస్కపోయి, గోడకు ఆనిచ్చి కూసోబెట్టి చూసిండు. పది రోజులు గట్లనే అయింది.

మేడ్చల్‌ల కిటికీ ఇంకా నడుస్తాంది గదా అని బండి మీద తోల్కపోయిండు. అక్కడి పిల్ల కంప్యూటర్ల చూసి, "మీ ఊరోళ్లకు ఫోన్ల మస్తు వస్తదట గద అవ్వా, నూటికి తొంభై అయిదు మందికి. రిపోర్టుల ఉన్నది. మరి నీకెందుకు రాదు?" అని తిప్పి పంపిందంట. మీరు చూసిన నాడు అత్త అక్కడ్నుంచి వచ్చే మెట్ల మీద కూసున్నది.

ఆ పిల్లకు అత్త ఏం చెప్పిందో మల్లేష్ చెప్పిండు. "ఆ నూటిల నన్ను లెక్కవెట్టలే బిడ్డా. నన్ను ఇంట్ల కూసోబెట్టిండ్రు" అన్నదంట.

టీచరమ్మా, మీరు మరిచిపోయిండ్రేమో, నేను మరువలే. ఆరు రోజులు సాయంత్రం సాయంత్రం షెడ్డుల మీరు మాకు నేర్పిండ్రు. ఫోను అద్దం మీద బొట్టుబిళ్లలు అతికిచ్చి, ఎర్రది ముందుగాల, పచ్చది తర్వాత, నల్లది ఆఖరికి అని చెప్పిండ్రు. చెయ్యి ఆ జాగకు అలవాటు అయినంక బిళ్లలు పీకేసిండ్రు. మూడోనాడు నన్ను పక్కకు పిలిచి, "మీ అత్తనూ, వజ్రమ్మనూ, రామయ్యనూ శనివారం రావద్దను. వస్తే ఊరి పేరు పోతుంది" అన్నరు. నేనే అత్తకు చెప్పిన. నలభై మందిని ఏరెటందుకు చీటీ ఎత్తితే ఆమె పేరు వచ్చింది గద, పొద్దుగాల్నే తలకు నూనె వెట్టుకొని, ఉతికిన చీర గట్టుకొని కూసున్నది. "నువ్వొస్తే పేరు పోతదంట అత్తా" అన్న. చీర మార్చుకొని చేపలు తోమ కూసున్నది.

ఆ ముప్పై ఎనిమిది మంది సంగతి గూడ చెప్త. జనవరిల యాప్ మారింది. గుండీలు వేరే జాగకు పోయినయ్. మావోళ్ల వేళ్లు ఇంకా బొట్టుబిళ్లలు ఉన్న కాడికే పోతున్నయ్. నేను ఇల్లిల్లు తిరిగి అడిగిన. తమంతట తాము చేసుకున్నోళ్లు పదకొండు మంది. మిగిలినోళ్లకు మనవలో, షాపోడో చేసి పెట్టిండ్రు. అడిగినప్పుడల్లా నాకు ఒక్కటే మాట, "నీ టీచరమ్మనే వచ్చి నొక్కమను."

అందుకే ఫోను ఎత్తలే. అత్త నాతోటి అవసరముంటేనే మాట్లాడతాంది. అది మీ తప్పు అంటలేను. నేనే చెప్పిన గద.

సరళ


మేడ్చల్
14 జులై 2025

సరళకు,

నీ ఉత్తరం ఏడో తారీఖున అందింది. మూడుసార్లు చదివాను. వారం దాకా జవాబు రాయకపోవడం నా జీవితంలో ఇదే మొదలు.

నేను మరిచిపోలేదు. మరిచిపోయానని చెప్పుకోవడానికి కూడా నాకు వీల్లేదు, ఎందుకంటే నేను ప్రతిదీ రాసిపెట్టుకునే మనిషిని. నల్ల అట్ట నోట్‌బుక్ తీసి చూశాను. నవంబరు 12, మంగళవారం: "సాలమ్మ. ఎడమ కన్ను. ఆరుసార్లు తిరస్కరించింది. లెక్క పాడవుతుంది. తప్పించాలి." నవంబరు 16, శనివారం, హాజరు పట్టీ: సాలమ్మ, వజ్రమ్మ, రామయ్య. ముగ్గురి పేర్ల ఎదురుగా "ఊళ్లో లేరు." వాళ్ల బదులు నేను ఎంచిన ముగ్గురి పేర్లు. అన్నీ నా చేతిరాతే. కొట్టివేతలు లేవు.

ఊళ్లో లేరు అని రాసినప్పుడు సాలమ్మ ఇల్లు నేను కూర్చున్న కుర్చీకి మూడిళ్ల అవతల ఉంది.

ఈ పని నాకు కొత్త కాదని కూడా చెప్పాలి. స్కూలుకు ఇన్‌స్పెక్షన్ వచ్చే రోజున వెనక బెంచీ పిల్లలు ఏడెనిమిది మందిని ఆ ఉదయం బడి తోటలో గడ్డి పీకమని పంపేదాన్ని. మిగిలిన వాళ్లకు ఇన్‌స్పెక్టరు అడగబోయే ప్రశ్నలు వారం ముందు నుంచీ వల్లె వేయించేదాన్ని. నువ్వు ముందు బెంచీ పిల్లవి, నీకు తెలియదు. మా స్కూలుకు ఎప్పుడూ మంచి రిపోర్టే వచ్చేది. అది మంచి టీచరు లక్షణం అనుకున్నాను. ఆ గడ్డి పీకిన పిల్లలకు ఆ ఏడాది ఏం వచ్చిందో, ఏం రాలేదో ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు.

భానుతేజ షెడ్డుకు తెచ్చింది యాప్‌కు పరీక్ష పెట్టడానికి. నేను ఆ పరీక్ష మీ వాళ్లకు అనుకున్నాను. మీ వాళ్లు తప్పితే నా పరువు పోతుందనీ, నా మనవడి పని చెడుతుందనీ అనుకున్నాను. ఆ రోజు అక్కడ తప్పవలసింది ఫోను. సాలమ్మ వచ్చి కూర్చుని ఉంటే తప్పేది. దాని తప్పును పట్టుకోగలిగిన మనిషినే నేను ఇంట్లో కూర్చోబెట్టాను.

ఎనిమిదో తారీఖున భోజనాల దగ్గర భానుతేజకు అంతా చెప్పాను. కంచం పక్కకు జరిపి అన్నాడు: "అమ్మమ్మా, ఇంకే ఊళ్లోనూ నలభైకి పద్దెనిమిది దాటలేదు. ముప్పై ఎనిమిది వచ్చినప్పుడే నాకు అనుమానం వచ్చింది."

"మరి అడగలేదేం?"

"నువ్వు సంతకం పెట్టావు కదా."

నా సంతకం ఉన్న కాగితాన్ని ఎవరూ రెండోసారి చూడరన్నది నాకు ఇన్నాళ్లూ గర్వంగా ఉండేది.

తర్వాత అతను అడిగింది కూడా రాస్తున్నాను. "ఆగస్టు ఇరవై మూడు అయిపోయాక చెప్తే సరిపోదా? రెండో విడత అయితే నన్ను పర్మినెంట్ చేస్తామన్నారు." నేను సరే ఆలోచిస్తాను అన్నాను. ఆరు రోజులుగా ఆలోచిస్తూనే ఉన్నాను. నిన్న బస్సెక్కి శామీర్‌పేట వచ్చాను. మీ వీధి మొదట్లో పావుగంట నిలబడి వెనక్కి తిరిగి వచ్చేశాను. కాళ్ల నొప్పుల వల్ల కాదు.

ఒక మాట. సాలమ్మ పని భానుతేజ లోపలి వాళ్లకు చెప్పి చేయించగలనన్నాడు. ఆమె ఆధార్ నంబరూ, ఒక ఫొటోనూ పంపితే చాలు, ఈ నెలలోనే పింఛను వస్తుంది. పంపుతావా?

కామేశ్వరమ్మ


శామీర్‌పేట
27 జులై 2025

టీచరమ్మకు,

మీ ఉత్తరం అత్తకు చదివి వినిపిచ్చిన. మొత్తం. గడ్డి పీకిన పిల్లల కాడ ఆపి, "ఆ పోరలల్ల మా కడగొట్టు తమ్ముడు గూడ ఉన్నడు. బడి ఎందుకిడిసి పెట్టినవ్‌రా అంటే, గడ్డి పీకెటందుకు బడిదాక ఎందుకు, మా చేన్లనే పీకుత అన్నడు" అన్నది. నవ్వుకుంటనే అన్నది.

ఫొటో పంపుత లేను. అత్త ఇయ్యనన్నది. నేను చాన సేపు చెప్పిన. "ఇస్తే నెలకు పింఛను వస్తది గద అత్తా, ముందుగాల నీది కానియ్, తర్వాత అందరిది చూద్దం" అన్న.

"మొదలు నన్ను దాసిపెట్టిండ్రు. ఇప్పుడు నా పని దాసిపెట్టి చేస్తరంట. దాసుడు తప్ప టీచరమ్మకు ఇంకేం రాదా?" అన్నది.

"మరి వజ్రమ్మకు? ఆమె ముఖం గూడ ఫోన్ల పడ్తలేదు. రామయ్యకు చెయ్యి వణుకుతది. మాకు ముగ్గురికి ముగ్గురు మనవలున్నరా, కంపెనీల?" అన్నది.

ఇగ నేను చేతిల ఫోను పక్కకు పెట్టిన.

నా తప్పు గూడ రాస్తున్న. గా నవంబరుల మా సంఘానికి మీరు ఇప్పిచ్చిన ప్రశంసాపత్రం అద్దం కట్టిచ్చి ముందు గదిల పెట్టిన. అత్త దాని కిందనే కూసొని అన్నం తింటుండె, ఇన్నాళ్లు. మొన్న తీసి బియ్యం డబ్బా ఎనుక పెట్టిన. అత్త చూసి, "గోడకు మొల ఉండనియ్, సంచి తగిలిచ్చుకుంట" అన్నది. అంతే.

ఇంకొకటి చెప్త, కోపం చెయ్యకుండ్రి. నవంబరుల మీ మనవడు మమ్మల్ని ఒక్క మాట అడగలే. అన్ని మిమ్మల్నే అడిగిండు. మీరు మా తరఫున మాట్లాడిండ్రు. మేం మీ తరఫున నొక్కినం. ఫోను ఎట్లుండాలె, కిటికీ ఉండాల్నా వద్దా అని ఎవరన్న అడిగితే మేం చెప్పెటోళ్లం. కిటికీ కాడ మేం ఊకె నిలవడ్తలేకుంటిమి. ఎవరు పోయిండ్రు, ఎవరు మంచంల పడ్డరు అని ఆ సారు మమ్మల్నే అడిగి రాసుకునేటోడు.

ఆగస్టు ఇరవై మూడున మేడ్చల్‌ల పెట్టేదాంట్ల అట్లనే చేస్తే, అక్కడ గూడ కిటికీ పోతది. మా ఊరోళ్లకు ఉన్న ఒక్క దిక్కు గదే. అక్కడికి గూడ పోయే జాగ లేకుంటే అత్త బతికున్నదని ఎవరికి చూపియ్యాలె?

అత్త చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్న: "నేనొస్త. అందరి ముందట కూసుంట. నాకు రాకుంటే రానట్టే చూస్తరు. టీచరమ్మ మాత్రం అక్కడనే ఉండాలె, నోరు మూసుకొని."

పోవుడు, చెప్పుడు, మీ మనవడి నౌకరి, గది మీ ఇంటి సంగతి. నేనేం చెప్పను.

సరళ


మేడ్చల్
16 ఆగస్టు 2025, శనివారం

సరళకు,

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇవాళే అందాలని దీన్ని పోస్టులో వేయకుండా బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను.

సోమవారం, 11వ తారీఖున, జిల్లా అధికారి దగ్గరికి వెళ్లి రాతపూర్వకంగా ఇచ్చాను. రెండు పేజీల ఉత్తరం, నోట్‌బుక్‌లో పద్నాలుగు పేజీల జిరాక్సు. నా సంతకం ఉపసంహరించుకుంటున్నానని మొదటి వాక్యంలోనే రాశాను. ఆయన నోట్‌బుక్ తిరగేసి, "ఎవరూ అడగలేదు కదమ్మా, ఎందుకు ఇప్పుడు?" అన్నారు.

"ఊళ్లో ఉన్న మనిషిని ఊళ్లో లేదని రాశాను" అన్నాను.

"ఈ వయసులో మీకిది అవసరమా?"

"నా వయసుతో మీకు పని లేదు. రసీదు ఇప్పించండి" అన్నాను. ముద్ర వేసి ఇచ్చారు. శామీర్‌పేట రిపోర్టును పక్కన పెడతామని నోటితో అన్నారు. కాగితం మీద కావాలన్నాను. మూడు రోజులకు వచ్చింది: మళ్లీ పరీక్ష జరిగేదాకా మీ వాళ్లను మేడ్చల్ కిటికీలో తిప్పి పంపకూడదని. నకలు దీనితో పంపుతున్నాను.

భానుతేజ నాతో రాలేదు. వెళ్లే ముందు రోజు అతనికి చెప్పాను. "అమ్మమ్మా, నా పేరు రాస్తావా?" అని అడిగాడు. "నీకు అనుమానం వచ్చిందన్న సంగతి రాస్తాను. అది నిజం కాబట్టి" అన్నాను. బుధవారం నుంచి అతన్ని ఈ పనిలో నుంచి తప్పించారు. పర్మినెంట్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఇంట్లో నాతోనే కూర్చుని భోంచేస్తున్నాడు. ఉప్పు అందించమంటాడు, పెరుగు చాలంటాడు. అంతకు మించి మాటలు లేవు. నేను చేసిన పనికి వాడు మూల్యం చెల్లించవలసి వచ్చింది.

నిన్న సాయంత్రం మాత్రం ఒకటి అడిగాడు. "ఆ సాలమ్మ గారి కన్ను ఏ వైపుది?" ఎడమ అన్నాను. కాగితం మీద రాసుకున్నాడు. ఎందుకో చెప్పలేదు.

సాలమ్మ గారికి క్షమాపణ ఉత్తరంలో రాయను. నువ్వు చదివి వినిపిస్తే అదీ నీ నోటితో చెప్పించినట్టే అవుతుంది. రేపు ఆదివారం పదింటికి మీ ఇంటికి వస్తాను. ఈసారి వీధి మొదట్లో ఆగను. ఆవిడ లోపలికి రానివ్వకపోతే గుమ్మం బయటే చెప్తాను.

ఇక జరగవలసినవి:

1. సోమవారం, 18న, ఆ కాగితం నకలు పట్టుకుని సాలమ్మ గారు, వజ్రమ్మ, రామయ్య మేడ్చల్ కిటికీకి రావాలి. నేను తొమ్మిదిన్నరకు అక్కడ ఉంటాను. మళ్లీ తొంభై అయిదు మాట ఎవరైనా ఎత్తితే, ఆ లెక్క తప్పని, తప్పు వేసింది నేనని నేనే చెప్తాను.

2. ఆగస్టు 23 పరీక్ష ఇప్పుడు మీ ఊరికీ మేడ్చల్‌కూ కలిపే; జాబితా చీటీలు ఎత్తి తీస్తారు. చీటీ వచ్చిన వాళ్లందరూ రావాలి. చీటీ రాకపోయినా ఆ ముగ్గురినీ పిలవాలని అడిగి ఒప్పించాను. పిలిచేది నేను కాదు, నువ్వు కాదు, అధికారే స్వయంగా.

3. ఎవరికీ ముందుగా ఏమీ నేర్పకూడదు. నువ్వు కూడా.

4. ముందు మీ వాళ్లు మాట్లాడాలి, తర్వాతే ఫోన్లు చేతికివ్వాలి. కిటికీ దగ్గర ఏమేం జరిగేవో, ఎవరు మంచాన పడ్డారో అని ఆ కిటికీ సారు అడిగేవాడన్నావు, అది కూడా చెప్పాలి. రాసుకునేది నువ్వు. వాళ్లు ఎలా అంటే అలా రాయి. సాగదీస్తున్నారని కోయవద్దు.

5. ఎవరికైనా రాకపోతే, పేరు ఎదురుగా "రాలేదు" అని కాదు, ఫోను ఏం చేయలేకపోయిందో రాయాలి.

6. పూర్తయ్యాక ఆ కాగితం అక్కడున్న వాళ్లందరికీ గట్టిగా చదివి వినిపించాలి. విన్న తర్వాతే వేలిముద్రలు, సంతకాలు. నా సంతకం ఎక్కడా ఉండదు.

7. నేను వస్తాను. సాలమ్మ గారు చెప్పినట్టు అక్కడే కూర్చుంటాను. ఆవిడ ఫోను పట్టుకుని ఆగినప్పుడు నా నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. అది నా చేతిలో లేని పని. నువ్వు నా పక్కన కూర్చో. నా చెయ్యి గట్టిగా పట్టుకో. ఆవిడ తనంతట తాను "నాకు వస్తలేదు" అనేదాకా వదలవద్దు.

కామేశ్వరమ్మ